మనోవర్తి: 100 రూపాయల పరిమితి నుండి జీతం జప్తు వరకు

అమీర్‌పేట నుండి పంజాగుట్ట నిమ్స్ ఆసుపత్రి వరకు నడిస్తే పే బిల్లుపై జీతం తీసుకునే ఆసుపత్రి ఉద్యోగులు, కోచింగ్ సెంటర్లలో గంటల లెక్కన పాఠాలు చెప్పేవారు, హాస్టళ్లలో వంట చేసేవారు మీకు కనిపిస్తారు. వీరిలో ఒక తండ్రి బిడ్డ పోషణకు డబ్బు ఇవ్వకపోతే చట్టం ఏం చేయగలదు? సమాధానం అందరి విషయంలోనూ ఒకటి కాదు.

ఈ ప్రాంతం పూర్వపు హైదరాబాద్ రాజ్యంలోనిది. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ ఇక్కడ 1951 ఏప్రిల్ 1 నుండి అమలయింది. అందులోని 488వ సెక్షన్ కింద భార్యకు, బిడ్డలకు మేజిస్ట్రేటు మనోవర్తి ఇప్పించవచ్చు. కానీ అప్పటి గరిష్ఠ పరిమితి నెలకు 100 రూపాయలు. బిడ్డ తండ్రి స్థాయిలో పెరగాలన్నది ఆ సెక్షన్ ఉద్దేశం కాదు, వీధిన పడకుండా చూడటమే. 1955లో పరిమితి 500 అయింది. ఆ రోజుల్లో అది చిన్న మొత్తం కాదు. 1973 కోడ్‌లో ఇదే 125వ సెక్షన్ అయింది, 500 మాత్రం కదలలేదు. 2001 సవరణతో గానీ ఆ పరిమితి తొలగలేదు. అంటే 46 ఏళ్లు! 2024 జూలై 1 నుండి ఇది కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 144వ సెక్షన్.

పరిమితి పోయాక ఎంత ఇవ్వాలన్నది ఎలా తేలుతుంది? మన చట్టంలో స్థిరమైన పట్టిక ఏదీ లేదు. తల్లిదండ్రుల ఆదాయం, బిడ్డ చదువు ఖర్చు, ఇతర బాధ్యతలు చూసి న్యాయమూర్తి నిర్ణయిస్తారు. 2017లో సుప్రీంకోర్టు భార్య మనోవర్తికి నికర జీతంలో 25 శాతం సమంజసమంది. దీన్ని సూత్రంగా బట్టీ పట్టకండి, అది కొలమానం మాత్రమే. 2020 నవంబరు తీర్పుతో ఇరుపక్షాలూ ఆదాయ, ఆస్తుల వివరాలను అఫిడవిట్‌గా ఇవ్వాలి. మనోవర్తి దరఖాస్తు తేదీ నుండి లెక్కకు వస్తుంది.

ఇక కోత సంగతి. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం మామూలు అప్పుకైతే జీతంలో మొదటి 1,000 రూపాయలు, మిగిలినదానిలో మూడింట రెండు వంతులు జప్తుకు అందవు. మనోవర్తి డిక్రీకి మినహాయింపు మూడో వంతే. జీతం 31,000 అనుకోండి. అప్పులవాడు నెలకు 10,000 దాకా జప్తు చేయించగలడు. మనోవర్తికి 20,600 పైచిలుకు జప్తు చేయవచ్చు. చట్టం బిడ్డను అప్పులవాడికంటే ముందు నిలబెట్టిందన్నమాట. ప్రభుత్వోద్యోగుల జీతం జప్తుకు కోడ్‌లో 48వ నియమం ముందునుంచే ఉంది. ప్రైవేటు ఉద్యోగుల కోసం 1976 సవరణ 48ఎ నియమాన్ని చేర్చింది. నోటీసు అందాక యజమాని కోత వేయకపోతే ఆ మొత్తానికి తానే బాధ్యుడు.

కానీ చేతికి నగదు తీసుకునే వంటమనిషికి పే బిల్లు ఎక్కడిది? అక్కడ బిడ్డ తల్లికి మిగిలేది మేజిస్ట్రేటు వారంటు. బాకీపడిన ఒక్కో నెలకు ఒక నెల వరకు జైలు విధించవచ్చు. బాకీపడిన ఏడాదిలోగా దరఖాస్తు చేసుకోవాలి. జైలుకు వెళ్లివచ్చినా బాకీ తీరదని సుప్రీంకోర్టు చెప్పింది. అయితే జైలులో ఉన్న నెలలో అతనికి కూలి రాదు.