ప్లిమ్‌సోల్ రేఖ

ప్లిమ్‌సోల్ రేఖ లేదా లోడ్ లైన్ అనగా సరుకుతో ఉన్న ఓడ గరిష్ఠంగా ఎంత లోతు వరకు నీటిలో మునగవచ్చునో తెలిపే గుర్తు. దీనిని ఓడ నడిమి భాగంలో, రెండు పక్కల గోడలపైన, చెరిగిపోకుండా శాశ్వతంగా గుర్తించి రంగు వేస్తారు. వర్తించవలసిన గీత నీటిలో మునిగితే ఓడలో బరువు మితిమీరినట్లే. బ్రిటిషు పార్లమెంటు సభ్యుడు శామ్యూల్ ప్లిమ్‌సోల్ (1824 - 1898) చేసిన పోరాట ఫలితంగా ఇది చట్టబద్ధమైనది. అందువలన ఆయన పేరే దీనికి స్థిరపడినది.

నేపథ్యం

19వ శతాబ్దపు బ్రిటనులో ఓడకు ఎంత సరుకు ఎత్తవచ్చుననే విషయంలో చట్టపరమైన హద్దు లేదు. సరుకు గది లోతులో ప్రతి అడుగుకు 3 అంగుళాల చొప్పున ఓడ గోడ నీటిపై ఉండవలెనని 1835లో లాయిడ్స్ రిజిస్టరు సూచించినది గాని, అది సలహా మాత్రమే. సరుకు పెరిగితే కిరాయి పెరిగేది. ఓడ మునిగినా యజమానికి బీమా సొమ్ము దక్కేది. నావికుడు మాత్రం ఒప్పందంపై సంతకం చేసిన తరువాత, ఓడ స్థితి చూసి భయపడి ప్రయాణానికి నిరాకరిస్తే జైలుకు వెళ్ళవలసి వచ్చేది. ఇటువంటి ఓడలకు "శవపేటిక ఓడలు" అనే పేరు వచ్చినది.

చట్టం కోసం పోరాటం

బొగ్గు వ్యాపారి అయిన ప్లిమ్‌సోల్ 1868లో డెర్బీ నుండి పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. 1873లో "అవర్ సీమెన్" (మన నావికులు) అనే గ్రంథం ప్రచురించి, నావికుల దుస్థితిని ప్రజల దృష్టికి తెచ్చాడు. 1875 జూలై 22న ప్రధానమంత్రి డిజ్రేలీ నౌకా రవాణా బిల్లును విరమిస్తున్నట్లు ప్రకటించగా, ప్లిమ్‌సోల్ సభలోనే ఆగ్రహోదగ్రుడై బిల్లుకు అడ్డుపడినవారిని దుర్మార్గులని నిందించాడు. వారం తరువాత సభకు క్షమాపణ చెప్పుకున్నాడు గాని, ప్రజాభిప్రాయం ఆయన వైపే నిలిచినది. ప్రభుత్వం ముందు ఒక తాత్కాలిక చట్టాన్ని, 1876లో మర్చంట్ షిప్పింగ్ చట్టాన్ని తెచ్చినది.

ఈ చట్టంలో పెద్ద లోపం ఒకటి ఉండేది. గుర్తు వేయుట తప్పనిసరి అయినప్పటికీ, దానిని ఎంత ఎత్తున వేయాలో నిర్ణయించే అధికారం యజమానికే మిగిలినది. గీత స్థానాన్ని చట్టమే నిర్ధారించుట 1890లో గాని జరగలేదు. 1906 చట్టంతో బ్రిటిషు రేవులకు వచ్చే విదేశీ ఓడలకు కూడా ఈ నియమాలను వర్తింపజేశారు. 1930లో లండనులో తొలి అంతర్జాతీయ ఒప్పందం కుదిరినది. దాని స్థానంలో వచ్చిన 1966 నాటి ఒప్పందం 1968 జూలై 21న అమలులోకి వచ్చినది.

గుర్తు స్వరూపం

300 మిల్లీమీటర్ల వ్యాసం గల వలయం, దాని మధ్యగా పోయే 450 మిల్లీమీటర్ల అడ్డగీత ఇందులో ప్రధానమైనవి. వలయానికి ఓడ ముందు భాగం వైపున మెట్ల వలె మరికొన్ని గీతలుంటాయి. వాటి అర్థాలు ఇవి:

టీఎఫ్ - ఉష్ణమండలపు మంచినీరు
ఎఫ్ - మంచినీరు
టీ - ఉష్ణమండల సముద్రం
ఎస్ - వేసవి (వలయం మధ్యగీతతో సమానమైన ఎత్తు)
డబ్ల్యూ - శీతాకాలం
డబ్ల్యూఎన్ఏ - శీతాకాలపు ఉత్తర అట్లాంటిక్ (100 మీటర్లకు మించని పొడవు గల ఓడలకు)

టీ, ఎస్, డబ్ల్యూ గీతల మధ్య తేడాకు నీటి వెచ్చదనమే కారణమని కొందరు పొరబడుతుంటారు. అసలు కారణం ఆయా ప్రాంతాలలో, ఋతువులలో వీచే తీవ్రమైన గాలులు. తుఫాను భయం ఎక్కువగా ఉన్నచోట ఓడ గోడ నీటిపై మరింత ఎత్తుగా ఉండాలి. మంచినీటి గీతలకు కారణం వేరు. మంచినీటి సాంద్రత ఉప్పునీటికన్నా తక్కువ కనుక అదే బరువుతో ఓడ అందులో కొంత ఎక్కువగా మునుగుతుంది, సముద్రంలోకి వెళ్ళగానే పైకి తేలుతుంది.

ఈ తేడాను లెక్కించుటకు ఒక సూత్రం ఉంది. ఓడ మొత్తం బరువును (టన్నులలో), ఓడ ఒక సెంటీమీటరు మునుగుటకు కావలసిన టన్నులకు నాలుగు రెట్లతో భాగిస్తే తేడా మిల్లీమీటర్లలో వస్తుంది. ఉదాహరణకు 40,000 టన్నుల బరువుండి, సెంటీమీటరుకు 50 టన్నులు పట్టే ఓడకు ఇది 200 మిల్లీమీటర్లు. అటువంటి ఓడలో ఒక్క సెంటీమీటరు మితిమీరినా 50 టన్నులు అదనంగా ఎక్కించినట్లే.

బంగాళాఖాతంలో

1966 ఒప్పందం ప్రకారం బంగాళాఖాతంలో డిసెంబరు 1 నుండి ఏప్రిల్ 30 వరకు టీ గీత, మే 1 నుండి నవంబరు 30 వరకు ఎస్ గీత వర్తిస్తాయి. నైరుతి ఋతుపవనాల కాలం, అక్టోబరు - నవంబరు నెలల తుఫానుల కాలం ఈ రెండవ భాగంలోనే వస్తాయి. కనుక విశాఖపట్నంలో ఏప్రిల్ నెలాఖరున సరుకు ఎత్తే ఓడ, మే 1 నాటికి ఇంకా బంగాళాఖాతంలోనే ఉండేటట్లయితే, ఆ రోజుకు ఎస్ గీత మునగకుండా ఉండేలా ముందుగానే లెక్క చూసుకొని సరుకు తగ్గించుకోవాలి.

విశేషాలు

రబ్బరు అడుగు, గుడ్డ పైభాగం గల బూట్లను బ్రిటనులో "ప్లిమ్‌సోల్స్" అంటారు. రెండు భాగాలు కలిసే చోట ఉండే పట్టీ ఓడపై గీతను పోలి ఉండుటయే ఈ పేరుకు కారణమని చెబుతారు.

ఇవి కూడా చూడండి

ఆర్కిమెడిస్ సూత్రం
విశాఖపట్నం ఓడరేవు