రాని వేషాలు

సూళ్లూరుపేట దాటితే తడ. తడ దాటితే అరవదేశం. ఒకప్పుడు బెజవాడ నుంచి మద్రాసు రైలెక్కి సినిమా వేషం కోసం బయల్దేరిన ప్రతి తెలుగు గుండె, కాళంగి నది ఒడ్డున ఉన్న సూళ్లూరుపేట కనబడేసరికి గబగబా కొట్టుకునే ఉంటుంది. 1949 ప్రాంతంలో ఆ దారినే ఒక బెజవాడ పిల్ల వెళ్లింది. తండ్రి లేని పిల్ల. పెదనాన్న పెంచిన పిల్ల. పద్నాలుగేళ్లకే నాటకాల్లో చప్పట్ల రుచి చూసిన పిల్ల. పేరు సావిత్రి.

ఇక్కడే ఆపి, "అమ్మా, ఇంటికి వెళ్లిపో తల్లీ" అని చెప్పాలనిపిస్తుంది, కథంతా తెలిసిన మనకు. కానీ వెళ్లిపోతే 'దేవదాసు'లో పార్వతి ఏది? 'మూగమనసులు'లో రాధ ఏది? ఆ పిల్ల వెనక్కి పోకూడదనే మన స్వార్థం కోరుతుంది. ఈ దుఃఖంలో మనకూ కాస్త పాపం ఉంది.

ముగింపు ముందే చెప్పుకుందాం. పంతొమ్మిది నెలలు ఒంటిమీద తెలివి లేకుండా పడి ఉండి, 1981 డిసెంబరు 26న మద్రాసులో ఆమె కన్నుమూసింది. అప్పటికి యాభై ఏళ్లు కూడా నిండలేదు.

లోకం ఆమెను మహానటి అంది. నాకు మాత్రం ఆమెలో ఎప్పుడూ ఒక గొప్ప క్యారెక్టర్ నటి కనిపిస్తుంది. అసలు ఆమె మొదలైందే చిన్న వేషాలతో. 'సంసారం' (1950)లో నాయిక వేషం చేతిదాకా వచ్చి జారిపోతే, చిన్న పాత్రతో సరిపెట్టుకుంది. 'పాతాళభైరవి' (1951)లో ఒక నాట్యం చేసి పక్కకు తప్పుకుంది. 'మిస్సమ్మ' (1955)లో ముందు ఆమెది రెండో నాయిక వేషమే. భానుమతి తప్పుకుంటే మేరీ అయింది. అదే ఏడు 'కన్యాశుల్కం'లో మధురవాణి. రెండేళ్లకు 'మాయాబజార్'. శశిరేఖ రూపంలో దాగిన ఘటోత్కచుడిగా, ఎస్వీ రంగారావు ఠీవినంతా ఆ సన్నని ఒంట్లోకి దింపుకుని, మరుక్షణం సిగ్గుపడే పెళ్లికూతురైపోయింది. అందంతో అయ్యే పని కాదది. మనుషుల నడకా, చూపూ, విసురూ చిన్నప్పటి నుంచీ కళ్లతో తాగినవాళ్లకే చేతనవుతుంది. అలాంటి నటికి వయసు పెరిగే కొద్దీ వేషాలు పెరగాలి. తగ్గకూడదు.

సూళ్లూరుపేట చెంగాళమ్మ గుడికి తలుపులు వేయరు. అర్ధరాత్రి వచ్చినా అమ్మవారు కనిపిస్తుంది. మద్రాసు హబీబుల్లా రోడ్డులోని సావిత్రి ఇల్లూ అలాగే ఉండేది. అడిగినవాళ్లకు లేదనడం ఆమెకు రాలేదు. యుద్ధం రోజుల్లో ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి ముందు నిలబడి ఒంటిమీది నగలు తీసి ఇచ్చేసింది. అమ్మవారి గుడికి తలుపులు వేయకపోతే ఊరే కాపలా. సావిత్రి ఇంటికి కాపలా ఎవరు?

1952లో ఆమె జెమినీ గణేశన్‌ను పెళ్లి చేసుకుంది. ఆయనకు అప్పటికే సంసారం ఉంది. ఆ పెళ్లి కొన్నేళ్లు గుట్టుగానే సాగింది. అందులో ఎంత ప్రేమ ఉందో, ఎంత గాయం ఉందో తూచడానికి మనమెవరం? ఆ ఇల్లు బీటలు వారాక ఆమె ఒంటరిదైంది. ఆ ఒంటరితనాన్ని మందు సీసాతో మరిచిపోవాలని చూసింది. అది మాత్రం దాచలేని నిజం.

1968లో 'చిన్నారి పాపలు'తో దర్శకురాలైంది. సంగీతం పి.లీల. తెర వెనుక ముఖ్యమైన బాధ్యతల్లో ఆడవాళ్లే ఉండాలని తలపెట్టిన సినిమా అది. తెలుగులో అంతకుముందు ఎవరూ అంత ధైర్యం చేయలేదు. ఆ ధైర్యానికి డబ్బు రాలేదు. అక్కడ ఆగి ఉంటే? ఆగలేదు. 'మాతృదేవత' తీసింది, 'వింత సంసారం' తీసింది. 'మూగమనసులు'ను తమిళంలో శివాజీ గణేశన్ పక్కన 'ప్రాప్తం' (1971)గా మళ్లీ తీసింది. గోదావరి మీద తెలుగువాళ్లను ఏడిపించిన కథ అక్కడ ఎవరినీ కదిలించలేదు. నష్టం ఆమె నెత్తినే పడింది. ఇన్‌కంటాక్స్ వాళ్లు వచ్చారు. ఆస్తులు జప్తు అయ్యాయి. హబీబుల్లా రోడ్డు ఇల్లు వదిలి అన్నానగర్ చేరింది. నిన్నటిదాకా గుమ్మం నిండా కనిపించిన చెప్పుల జతలు ఒక్కొక్కటే మాయమయ్యాయి.

అప్పుడు కూడా ఒక దారి మిగిలే ఉంది. దాన్ని తలచుకుంటేనే మనసు మరీ కలుక్కుమంటుంది. సావిత్రి కంటే వయసులో పెద్దదైన అంజలీదేవి 1972లో 'బడిపంతులు'లో ముసలి భార్యగా నెరిసిన జుట్టుతో కనిపిస్తే జనం చేతులెత్తి మొక్కారు. ఇరవై ఏళ్ల తర్వాత 'బృందావనం'లోనూ ఆమె బామ్మగా వచ్చి మురిపించింది. సూర్యకాంతం చివరిదాకా వేషాలు వేస్తూనే వెళ్లిపోయింది. నిర్మలమ్మ అందరికీ అమ్మమ్మయింది. నాయిక మెట్టు దిగితే అమ్మ మెట్టు, అది దిగితే బామ్మ మెట్టు. ఆ మెట్లమీద దిగడానికి కావలసింది నిబ్బరం, ఆరోగ్యం, చెయ్యి పట్టుకునే ఒక్క మనిషి. సావిత్రికి ఆ ఏళ్లలో ఆ మూడూ కరువయ్యాయి. వేషాలు వచ్చాయి గానీ అరకొరగా వచ్చాయి. చిక్కిపోయిన మొహానికి మేకప్ వేసుకుని, తనకంటే చిన్న పేరున్నవాళ్ల పక్కన నిలబడి, రోజు గడవడం కోసం నటించాల్సి వచ్చింది.

1979లో దాసరి నారాయణరావు 'గోరింటాకు'లో తల్లి వేషం ఇచ్చారు. ఆ సినిమా చూడండి. చెక్కిళ్లు లోపలికి పోయాయి, గొంతు అలిసిపోయింది. కళ్లు మాత్రం ఆ పాత కళ్లే. కళ్లలో నీళ్లు నిలిపి కిందికి జారనివ్వని ఆ పట్టు చెక్కుచెదరలేదు. నటి బతికే ఉంది. ఆమెను మోస్తున్న మనిషే కూలిపోతోంది. మరుసటి ఏడు మే నెలలో షూటింగు కోసం బెంగళూరు వెళ్లి, అక్కడే స్పృహ తప్పింది. చివరిసారి ఒళ్లు వాలినప్పుడు కూడా ఆమె పనిలోనే ఉంది. ఈ సంగతి ఎవరూ పెద్దగా చెప్పరు.

లెక్క వేసి చూస్తే గుండె బరువెక్కుతుంది. బతికి ఉంటే, ఈటీవీ మొదలైన 1995 నాటికి ఆమెకు దాదాపు అరవై ఏళ్లుండేవి. సీరియళ్లు ఇంటింటికీ చేరిన కాలంలో సాయంత్రం ఏడింటికి మన హాల్లోకి వచ్చి, కోడలిని మందలించి, మనవడిని గారాబం చేసి, ఒక్క చూపుతో ఇంటిల్లిపాదినీ ఏడిపించి వెళ్లేది. శశిరేఖను మించిన బామ్మలు ఆ ఒంట్లో ఎందరున్నారో! వాళ్లెవరూ పుట్టలేదు. నాయికగా ఆమె ఇచ్చింది మన దగ్గర భద్రంగానే ఉంది. మనం పోగొట్టుకున్నది ఆ రెండో జీవితం.

2018లో ఆమె కథే 'మహానటి' సినిమాగా వస్తే ఊరూరా జనం కన్నీళ్లతో చూశారు. మరుసటి ఏడు ఇదే సూళ్లూరుపేటలో, దేశంలోని అతి పెద్ద తెరల్లో ఒకటి వెలిసింది. తెరలు పెద్దవయ్యాయి. వాటి మీద అమ్మ వేషం, అత్త వేషం వేసేవాళ్ల బతుకులకు భరోసా మాత్రం అదే మోతాదులో పెరగలేదు. పని ఉన్న రోజు అన్నం, లేని రోజు అప్పు అన్నట్టు గడిపేవాళ్లు ఇంకా ఉన్నారు.

అందుకే సావిత్రి దానగుణాన్ని మాత్రమే పొగిడి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. ఆమె అందరికీ ఇచ్చింది. ఆమెకు వేళకు పని, వేళకు వైద్యం, "వద్దమ్మా" అని చెప్పగల ఒక్క మనిషి ఇవ్వలేకపోయిన పరిశ్రమ మహానటి అని కిరీటం మాత్రం పెట్టింది. మీరు రోజూ చూసే సీరియల్లో ఒక బామ్మ ఉంటుంది. ఆవిడ పేరు మీకు తెలియకపోవచ్చు. తెలుసుకోండి. ఆవిడ పని బాగుంటే, ఆవిడ బతికుండగానే ఆ మాట చెప్పండి.