తోడేలు రౌతులు

రాక్షస తోడేళ్లు, వాటినెక్కి వచ్చే రౌతులు ఫాంటసీ సాహిత్యంలో స్థిరపడిన జంట. దీని మూలాలు నార్స్ పురాణాల్లో ఉన్నాయి. 13వ శతాబ్దపు ఐస్‌లాండ్ రచయిత స్నోర్రి స్టుర్లుసన్ గద్య ఎడ్డాలో, బాల్డర్ అనే దేవుడి అంత్యక్రియలకు హిర్రోకిన్ అనే రాక్షసి పాములను పగ్గాలుగా పట్టి తోడేలుపై వస్తుంది. ఆమె దిగాక దాన్ని పట్టి ఉంచమని దేవతల అధిపతి ఓడిన్ నలుగురు యోధులకు చెబుతాడు. కింద పడేస్తే గాని అది వాళ్లకు లొంగదు. స్వీడన్‌లోని హున్నెస్టాడ్ శిలల్లో ఒకదానిపై కూడా పాము పగ్గాలతో తోడేలెక్కిన ఆకారం చెక్కి ఉంది. తర్వాతి శతాబ్దాల యూరప్ కథల్లో తోడేలు ఎక్కువగా మనిషి మీద పడే మృగం, లేదా మనిషే మారిన మృగం.

ఈ జంటకు ఆధునిక రూపం ఇచ్చింది జె.ఆర్.ఆర్. టోల్కీన్. 'ది హాబిట్' (1937)లో వార్గ్‌లు అనే తోడేళ్లకు సొంత భాష, నాయకుడు, సభ ఉన్నాయి. అడవిలోని ఖాళీ జాగాలో అవి గాబ్లిన్లు అనే దుష్టజీవుల కోసం ఎదురుచూస్తుంటాయి. ఇద్దరూ కలిసి కట్టెలు కొట్టేవాళ్ల ఊళ్లపై పడాలన్నది పథకం. చెట్టెక్కి కూర్చున్న మాంత్రికుడు గాండాల్ఫ్‌కు ఆ మాటలు అర్థమవుతాయి, కథానాయకుడు బిల్బోకు కావు. గాబ్లిన్లు కొన్నిసార్లు వాటిపై స్వారీ చేస్తారు కాబట్టి అవి వాహనాలే కదా అన్న అభ్యంతరం రావచ్చు. అయితే దోపిడీలో వాటికీ వాటా దక్కుతుందని అదే కథ చెబుతుంది. వాటా అడిగేది వాహనం కాదు, భాగస్వామి. 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' (1954–55)లో ఈ స్నేహం పలచబడింది. మోరియా గనుల దగ్గర ప్రయాణికులపై రాత్రి దాడి చేసిన తోడేళ్ల కళేబరాలు తెల్లారాక కనిపించవు, బాణాలు మాత్రం దొరుకుతాయి. అక్కడ అవి దుష్టప్రభువు సౌరాన్ పక్షపు మాయాజీవులు.

తర్వాతి ఆటలు, సినిమాలు రౌతుదళాన్నే తీసుకుని సభను వదిలేశాయి. వార్‌హామర్‌లో గాబ్లిన్లు, వార్‌క్రాఫ్ట్‌లో ఆర్క్‌లు తోడేళ్లపై యుద్ధానికి వస్తారు. పీటర్ జాక్సన్ 'ది టూ టవర్స్' (2002)లో రోహన్ రాజ్య జనంపై వార్గ్ రౌతుల దాడి నవలలో లేని ఘట్టం. చూడటానికి ఉద్విగ్నంగా ఉన్నా, అందులో తోడేలుకు మాట లేదు. తెరపై వేగమే ముఖ్యమన్న సమర్థనలో నిజముంది. కానీ ఆ వేగం గుర్రానికీ ఉంటుంది. జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ 'ఎ గేమ్ ఆఫ్ థ్రోన్స్' (1996)తో మొదలైన నవలల్లో మరో దారి తొక్కారు: అక్కడ వార్గ్ అంటే తోడేలు మనసులోకి ప్రవేశించగల మనిషి. వీపెక్కకుండానే తోడేలుతో పొత్తు కుదురుతుందని మార్టిన్ చూపారు. పొత్తు లేని రౌతుల కథల్లో మాత్రం తోడేలు స్థానంలో గుర్రాన్ని పెట్టినా కథ పెద్దగా మారదు.