బతుకమ్మ (స్త్రీనామము)

తెలంగాణ పల్లెలలో ఆడుబిడ్డలకు పెట్టుచు వచ్చిన పేరు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ సీమలందును ముందు తరములవారిలో ఇది వినబడును. భాద్రపద అమావాస్యనాడు ఎంగిలిపూలతో మొదలై ఆశ్వయుజ శుద్ధాష్టమినాడు సద్దులతో ముగియు పూలపండుగకును, ఆ దినములందు కొలుచు దేవతకును, ఆమె రూపుగా పేర్చెడి పూలగోపురమునకును ఇదియే పేరగుటచే, దీనిని పుష్పసంబంధమైన నామముగా నెంచుట వాడుక. 2014లో ఈ పండుగ తెలంగాణ రాష్ట్రోత్సవమైనది.

పేరునకు మూలము బ్రతుకు అనుటయే సహజముగా తోచుచున్నది. కావ్యభాషలోని 'బ్రదుకు' దీనికి ప్రాచీనరూపము. వేములవాడ రాజరాజేశ్వరాలయ శివలింగమును చోళులు తంజావూరునకు కొనిపోగా, ఒంటరియైన బృహదమ్మ బతుకమ్మయైనదని ఒక వాదము కలదు. తంజావూరి బృహదీశ్వరాలయము 1010 ప్రాంతమున పూర్తియైనమాట నిజమే కాని, ఆ కాలసామీప్యమొక్కటే ఈ వాదమునకు చాలినంత ఆధారము కాజాలదు. నూర్గురు కుమారులను యుద్ధమున గోలుపోయిన ధర్మాంగదుడను రాజునకు, సత్యవతికి లక్ష్మీప్రసాదముచే కలిగిన శిశువును మునులు "బతుకుము" అని దీవించిరనునది మరియొక కథ. ఇది చరిత్రగాక పురాణకల్పనయే యైనను, పేరు పెట్టిన తల్లుల మనసునకు మిక్కిలి దగ్గరగా నున్నది.

ఏలయన, పుట్టిన పిల్లలు వరుసగా పోవుచుండిన ఇండ్లలో, మృత్యువు కన్ను పడకుండుటకై పెంటమ్మ, పుల్లమ్మ, బిచ్చమ్మ వంటి పేర్లు పెట్టెడివారు. ఈ బిడ్డయైనను దక్కవలెనను కోరికను బతుకమ్మ యను పేరు దాపరికము లేక పలుకును. మగబిడ్డకు బతుకయ్య యను పేరుండుట ఇచట గమనింపదగినది. పూలదేవతతో ఏ సంబంధమును లేని ఆ పేరును బట్టి చూడగా, కొందరి విషయమున పండుగకంటె ప్రాణభయమే నామకారణమై యుండును. పండుగ దినములలో పుట్టినవారికి పెట్టిన పేరనుటయు తోసివేయదగినది కాదు.

పండుగనాటి పూలగోపురమునకై తాంబాళమున ఆకులు పరచి, తంగేడు, గునుగు, బంతి, చామంతి, కట్లపూలను వరుసలు వరుసలుగా, పైకి పోనుపోను సన్నగిల్లునట్లు పేర్చి, శిఖరమున పసుపు గౌరమ్మను నిలుపుదురు. గునుగుపూల కొనలను రంగులలో ముంచుటయు కలదు. తంగేడు నేడు రాష్ట్రపుష్పము. గునుగు మెట్టచేలలో తనంతట మొలచు కలుపు. నాగార్జునసాగర్ ఎడమకాలువ క్రింద వరి పరచుకొనిన మిర్యాలగూడ, కోదాడ మాగాణులలో దానికి చోటు తగ్గుట సహజమే.

పూవుపేరునే నేరుగా పెట్టు వాడుకకు ఉదాహరణముగా, కాస్పియన్ తీరపు అజర్‌బైజాన్‌లో గుల్నార్, నర్గీజ్, యాసమన్ అని ఆడుపిల్లలను పిలుతురు. దానిమ్మపూవు, నర్గిసపూవు, మల్లెజాతిపూవు అని వీనికి అర్థములు. పారసీకమునుండి ఉర్దూద్వారా వచ్చిన గుల్నార్, నర్గిస్, యాస్మీన్ అను రూపములు తెలంగాణ ముస్లిం కుటుంబములకును పరిచితములే. వానియందు పూవు పేరులోనే యున్నది. బతుకమ్మయందు అది పేరుచుట్టు అల్లుకొనిన ఆచారమున నున్నది.

తెలంగాణ సాయుధపోరాట కాలమున బతుకమ్మ పండుగ పాటల బాణీ మరియొక పనికి వచ్చినది. సూర్యాపేట ప్రాంతపు కర్విరాల కొత్తగూడెమున 1931లో జన్మించిన మల్లు స్వరాజ్యము, ఆడువారికి నోటికి వచ్చిన ఉయ్యాలపాట వరుసలోనే దొరల దౌర్జన్యములను, వెట్టిని గూర్చి పాడుచు, ఊరూర స్త్రీలను ఆంధ్ర మహాసభ సంఘమునకు రప్పించినది.