మన తీరానికి రాని గాలి షాకులు: పాత బండ్ల ఎయిర్ సస్పెన్షన్ కథ

ఈ ఎపిసోడ్‌లో పాత మోటారు సైకిళ్ల ఎయిర్ సస్పెన్షన్ గురించి మాట్లాడుకుందాం. టైర్లో గాలి కాదండీ, ఫోర్కులో, షాక్ అబ్జార్బర్‌లో ఉండే గాలి.

మన నెల్లూరు తీరానికి దీంతో ఏం పని అంటారా? మైపాడు నుంచి నెల్లూరుకి, జువ్వలదిన్నె నుంచి కావలికి చేపల బుట్టలు కట్టుకుని వచ్చే బండిని చూడండి. పొద్దున దాని మీద ముగ్గురు మనుషుల బరువుంటుంది. తిరిగి పోయేటప్పుడు ఒక్క మనిషే. 1990ల మొదట్లో ఇక్కడ రొయ్యల గుంటలు పెరిగినప్పుడు మేత బస్తాల బండ్లదీ ఇదే కథ. స్ప్రింగు గట్టిదైతే ఖాళీ బండి ఎగిరెగిరి నడుము విరగ్గొడుతుంది. మెత్తదైతే బరువేసినప్పుడు పూర్తిగా దిగబడి టకటకా కొట్టుకుంటుంది.

గాలి అట్లా కాదు. గాలిని సగానికి నొక్కితే ఒత్తిడి రెట్టింపవుతుంది, ఇంకా నొక్కేకొద్దీ ఇంకా గట్టిగా ఎదురు తిరుగుతుంది. పైగా బరువెక్కువుంటే పంపుతో గాలి ఎక్కించుకోవచ్చు, దించాక తీసేయొచ్చు.

ఈ ఆలోచన విమానం నుంచి వచ్చింది. ఇంగ్లండులో జార్జ్ డౌటీ కంపెనీ విమానాల చక్రాల కింద గాలి, నూనె కలిపి పనిచేసే కాళ్లు తయారుచేసేది. 1930ల చివర్లో వెలోసెట్ వాళ్లు రేసు బండ్ల వెనక డౌటీ యూనిట్లు వాడారు. 1939 నాటి కేటీటీ మార్క్ 8లోనూ అవే. యుద్ధం అయిపోయాక పాంథర్, స్కాట్ బండ్లకి ముందు డౌటీ ఫోర్కులు వచ్చాయి. వాటిలో బరువు మోసేది గాలే. మరి సీలు అరిగితే? గాలి పోయి బండి ముందుకి కూలబడడమే.

1970లలో జపాన్ కంపెనీలు తెలివిగా ఉక్కు స్ప్రింగు ఉంచేసి, దానికి గాలిని తోడు పెట్టాయి. అందుకే ఎయిర్ అసిస్టెడ్ అన్నారు. 1980లో వచ్చిన హోండా గోల్డ్‌వింగ్ జీఎల్1100కి ముందూ వెనకా గాలి ఉండేది. కానీ ఫోర్కులో గాలి చోటు చాలా చిన్నది. గేజి పెట్టి చూస్తేనే కొంత గాలి పోయేది. పంక్చర్ షాపు కంప్రెసర్‌తో కొడితే సీలు లేచిపోయే ప్రమాదం. రెండు కాళ్లలో ఒత్తిడి తేడా రాకుండా చాలా బండ్లకి మధ్యలో గొట్టం కలిపారు. స్ప్రింగులు, డ్యాంపింగు బాగుపడ్డాక ఈ తలనొప్పి ఎందుకని రోడ్డు బండ్లలో చాలావరకు వదిలేశారు.

అదే కాలంలో మన రోడ్ల మీద ఏముంది? 1955 నుంచి మద్రాసులో తయారైన బుల్లెట్, 1985లో వచ్చిన ఆర్ఎక్స్100, సీడీ100. వేటికీ గాలి నాజిల్ లేదు. వెనక షాకుల కింద కాలరు తిప్పి స్ప్రింగు బిగించుకోవడం, అంతే. బరువులు మోసేవాళ్లకి పనికొచ్చే వస్తువు, ఖరీదైన టూరింగు బండ్ల దగ్గరే ఆగిపోయింది.

అయితే ఒక విషయం. ఈ బండ్ల ముందు ఫోర్కు కాలుకి పైన మూత బిగించి ఉంటుంది. లోపల ఆయిల్ పైన మిగిలేది గాలే! మెకానిక్ కొంచెం ఎక్కువ ఆయిల్ పోస్తే ఫోర్కు గట్టిపడేది కదా, ఆయిల్ వల్ల అనుకుంటాం. గాలికి చోటు తగ్గి, అది స్ప్రింగులా ఎదురు తన్నడం వల్ల. మన వర్క్‌షాపుల్లో పేరు తెలియకుండానే ఎయిర్ సస్పెన్షన్ నడిచిందన్నమాట. మరీ ఎక్కువ పోస్తే మాత్రం సీలు తన్నేస్తుంది.

నా ఉద్దేశంలో గాలి షాకులు వచ్చినా ఈ తీరంలో వాటికి గండం సీలు దగ్గరే. ఉప్పు గాలికి ఫోర్కు పైపు మీద క్రోమ్ గుంటలు పడుతుంది, ఆ గుంటలు సీలు అంచుని కోస్తాయి, దానికి ఇసుక తోడు. స్ప్రింగు ఫోర్కయితే ఆయిల్ కారుతూనైనా ఇంటికి చేరుస్తుంది. అందుకే సముద్రం దగ్గర తిరిగే పాత బండి ఉంటే, ఫోర్కు పైపుని మంచినీళ్లతో కడిగి తుడవండి. రబ్బరు తొడుగులుంటే చిరగనీయకండి.

మీ ఊళ్లో బరువుల బండికి షాకులు ఎట్లా మార్చుకున్నారో చెప్పండి.