అసద్ మరణం – 1969 తూర్పు పాకిస్తాన్ ప్రజా ఉద్యమం

అయూబ్ ఖాన్ పాలనలో పాకిస్తాన్ ప్రజలకు అధ్యక్షుణ్ని నేరుగా ఎన్నుకునే హక్కు లేదు. వయోజన ఓటు హక్కు, తూర్పు పాకిస్తాన్‌కు స్వయంప్రతిపత్తి కోరుతూ విద్యార్థులు 11 అంశాల కార్యక్రమం ప్రకటించారు. 1969 జనవరి 20న ఢాకాలో ఊరేగింపుపై పోలీసులు జరిపిన కాల్పుల్లో ఢాకా విశ్వవిద్యాలయ విద్యార్థి అసదుజ్జమాన్ మరణించాడు. దాంతో విద్యార్థుల ఆందోళన ప్రజా ఉద్యమంగా మారింది. జనం అయూబ్ గేటు పేరును అసద్ గేటుగా మార్చేశారు. ఫిబ్రవరి 22న ప్రభుత్వం అగర్తల కుట్ర కేసును ఉపసంహరించుకుంది. షేక్ ముజీబుర్ రెహమాన్ విడుదలయ్యారు.

మార్చి 25న అయూబ్ దిగిపోయినా అధికారం ప్రజలకు దక్కలేదు. యాహ్యా ఖాన్ సైనిక పాలన విధించాడు. అయితే 1970లో వయోజన ఓటుతో ఎన్నికలు జరపక తప్పలేదు. ఆ తీర్పును పాలకులు గౌరవించకపోవడమే 1971లో బంగ్లాదేశ్ ఆవిర్భావానికి దారితీసింది.

గుర్తుంచుకోండి: అసద్ మరణం తక్షణ కారణం, ఓటు హక్కు లేకపోవడం, తూర్పు ప్రాంతంపై వివక్ష మూల కారణాలు.