మస్టరు రోలు: ఒక చిన్న కాగితం చరిత్ర

పరిపాలనా చరిత్ర రాసేవారి దృష్టి సాధారణంగా చట్టాలపైనా, వాటిని తెచ్చిన ప్రముఖులపైనా నిలుస్తుంది. ఆ చట్టాలను ఆచరణలోకి దింపే చిన్న కాగితాలు చరిత్రకెక్కడం అరుదు. అటువంటి కాగితాలలో మస్టరు రోలు ఒకటి. పనిలోకి వచ్చిన కూలీ పేరు, హాజరైన రోజులు, ముట్టిన కూలి, చివర ఒక వేలిముద్ర. అందులో ఉండేది ఇంతే. అయినా ఆ కాగితం ఎవరి చేతిలో ఉంది, దానిని ఎవరు చదవగలరు అన్న ప్రశ్నను వెంబడిస్తూ పోతే, మన దేశంలో శ్రమకూ, సమాచార స్వేచ్ఛకూ, సాంకేతిక పరిజ్ఞానానికీ మధ్య గల సంబంధం ఎలా రూపుదిద్దుకున్నదో చాలావరకు అర్థమవుతుంది.

1876-78 సంవత్సరాలలో దక్షిణ భారతదేశాన్ని పీడించిన క్షామాన్ని మన పెద్దలు ధాత కరువు అన్నారు. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు దాని తాకిడికి తీవ్రంగా గురయ్యాయి. నేటి అనంతపురం ప్రాంతం అప్పటికి బళ్లారి జిల్లాలోనే ఉండేది. 1882లో గాని అది ప్రత్యేక జిల్లా కాలేదు. ప్రభుత్వం చెరువులు, కాలువలు, రోడ్ల పనులు పెట్టించి, ఆకలితో వచ్చినవారిని జట్లుగా విభజించి, హాజరు వేసి కూలి ఇచ్చింది. 1877 జనవరిలో వైస్రాయి లిట్టన్ ప్రతినిధిగా మద్రాసు వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, పొదుపు పేరుతో దినకూలిని ఒక పౌను ధాన్యం, దానిపై స్వల్పమైన నగదు స్థాయికి తగ్గించాడు. అంత తిండితో మట్టిపని చేసే మనిషి బతకలేడని మద్రాసు ప్రభుత్వ ఆరోగ్యాధికారి డాక్టర్ కార్నిష్ లెక్కలతో సహా వాదించాడు. కొద్ది నెలలకే కూలిని తిరిగి పెంచవలసి వచ్చింది.

ఈ వివాదం క్షామ చరిత్రలో ప్రసిద్ధమైనదే. అయితే ఒక విషయం గమనార్హం. వాదించినవారిద్దరూ అధికారులు. లెక్కలు, నివేదికలు, మరణాల పట్టికలు అన్నీ కచేరీల మధ్యనే నడిచాయి. కార్నిష్ వంటి మనసున్న అధికారి ఉన్నాడు గనుక ఆ అంకెలు కూలీల పక్షాన మాట్లాడాయి. పేర్లూ ఒళ్లూ ఆ లెక్కలలోకి ఎక్కినవారికి మాత్రం వాటిని చూసే అధికారం లేదు, ప్రశ్నించే వేదిక లేదు. తమ గురించిన సమాచారం అంతా ఉన్నా, అది తమది కాకపోవడమే ఆనాటి కూలీ స్థితి.

ఈ స్థితికి వలస ప్రభుత్వం చట్టబద్ధత కూడా కల్పించింది. 1872 నాటి సాక్ష్య చట్టం కొన్ని ప్రభుత్వ పత్రాల నకళ్లను రుసుముపై ఇవ్వాలన్నది గాని, చూసే హక్కు ఉన్నవారికే ఆ వీలు కల్పించింది. ఆ తరువాత 1889లో అధికార రహస్యాల చట్టం వచ్చింది. 1904లో కర్జన్ హయాంలో అది మరింత బిగిసింది. 1923లో సమగ్ర రూపం పొంది, స్వాతంత్ర్యానంతరం కూడా కొనసాగింది. గూఢచర్యాన్ని అరికట్టడానికి ఉద్దేశించిన చట్టపు నీడ క్రమంగా పంచాయతీ ఖర్చుల పద్దు మీద కూడా పడింది. గ్రామంలో కరణం కట్ట మరొక రహస్య పేటిక. ఆంధ్ర ప్రాంతపు అడంగలు గాని, తెలంగాణ పహాణీ గాని రైతు పొలం గురించినవే అయినా, రైతుకు అందులో ఏమున్నదో తెలియడం కరణం దయపై ఆధారపడి ఉండేది. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ వంశపారంపర్య పదవులను రద్దు చేసింది. కట్ట చేతులు మారింది గాని, ముడి వెంటనే విడిపోలేదు.

ఆ ముడి విప్పే ప్రయత్నం రాజస్థాన్ కరువు పనుల చోట మొదలైంది. 1980లలో ఆ రాష్ట్రంలో ప్రభుత్వ పనులకు వెళ్లిన కూలీలకు కనీస వేతనం దక్కేది కాదు. కారణం అడిగితే, పని కొలతలు తక్కువ వచ్చాయనేవారు. కొలతల పుస్తకం, మస్టరు రోలు చూపమంటే అవి ప్రభుత్వ కాగితాలు, చూపడం కుదరదన్నారు. కూలి తగ్గించడానికి ఆధారమైన కాగితమే కూలీకి రహస్యమైంది. 1990 మే 1న ఏర్పడిన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ ఈ చిక్కును సరిగా గుర్తించింది. ఐ.ఎ.ఎస్.కు రాజీనామా చేసిన అరుణా రాయ్, ఆమె సహచరులు నిఖిల్ డే, శంకర్ సింగ్ ఆ సంస్థ స్థాపకులలో ముఖ్యులు.

1994 డిసెంబరు 2న పాలీ జిల్లా కోట్ కిరానాలో మొదటి జన సునవాయీ జరిగింది. మస్టరు రోళ్ల నుంచి సేకరించిన వివరాలను గ్రామస్థుల సమక్షంలో బిగ్గరగా చదివి వినిపించారు. ఇటువంటి సభలలో పనికే రానివారి పేర్లు, పూర్తికాని కట్టడాలకు పూర్తయినట్లు రాసిన పద్దులు బయటపడ్డాయి. ఏళ్ల తరబడి జరిగిన తనిఖీలలో పట్టుబడనిది ఒక్క పఠనంతో పట్టుబడింది. ఆ పేరు గల మనిషి ఎదుట కూర్చుని వింటూ ఉండడమే ఇందుకు కారణం.

ఇక్కడ ఒక యంత్రం ప్రస్తావన అవసరం. పంచాయతీ ఖర్చుల పత్రాలకు జిరాక్సు నకళ్లు ఇస్తామని 1995 ఏప్రిల్‌లో రాజస్థాన్ ముఖ్యమంత్రి భైరోన్ సింగ్ షెకావత్ శాసనసభలో ప్రకటించారు. ఏడాది గడిచినా అది అమలు కాలేదు. 1996 ఏప్రిల్ 6న బ్యావర్ పట్టణంలో మొదలైన ధర్నా 40 రోజులు సాగింది. పత్రాలు చూడనిస్తామని, నకళ్లు మాత్రం ఇవ్వబోమని ప్రభుత్వం చెప్పిన మాటతో కూలీలు తృప్తి పడలేదు. చూసిన కాగితం మరునాటికి మారిపోవచ్చు, నకలు మారదు. అక్షరం రాని కూలీలు ఈ తేడాను చక్కగా గ్రహించారు. కచేరీలో అధికారి సౌకర్యం కోసం పెట్టిన జిరాక్సు యంత్రం వారి దృష్టిలో హక్కుకు సాధనమైంది. 'హమారా పైసా, హమారా హిసాబ్' అన్న వారి నినాదానికి అర్థం, సొమ్ము మాది గనుక లెక్కా మాదేనని.

తదనంతర పరిణామాలు వేగంగా సాగాయి. 1997లో తమిళనాడు, 2000లో రాజస్థాన్ సొంత చట్టాలు చేశాయి. 2002లో పార్లమెంటు ఆమోదించిన సమాచార స్వేచ్ఛ చట్టం అమలులోకే రాలేదు. 2005 అక్టోబరు 12న సమాచార హక్కు చట్టం పూర్తిగా అమలయింది. అదే సంవత్సరం చేసిన జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టం, పనులపై గ్రామసభ సామాజిక తనిఖీ జరపాలని నిర్దేశించింది. ఆ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైంది. ధాత కరువులో ఒక పౌను ధాన్యానికి మట్టి మోసిన నేల మీదనే, పని కోరడం హక్కుగా, లెక్క అడగడం హక్కుగా మారిన చట్టం ఆచరణకు వచ్చింది.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ ప్రయోగానికి మరో ప్రత్యేకత ఉంది. ఇక్కడ మొదటి నుంచే మస్టర్లను కంప్యూటరులోకి ఎక్కించారు. దానికి తోడు 2009లో సామాజిక తనిఖీకి ప్రత్యేక సంస్థ ఏర్పడింది. కూలీ కుటుంబాల యువతీ యువకులు శిక్షణ పొంది, కంప్యూటరు ఇచ్చిన జాబితా పట్టుకుని ఇంటింటికీ తిరిగి, ఎన్ని రోజులు పని చేశారు, ఎంత ముట్టింది అని అడిగారు. తేడాలను మండల కేంద్రంలోని ప్రజావేదికలో అధికారుల ఎదుట చదివారు. దారి మళ్లిన సొమ్మంతా తిరిగి రాలేదు, తప్పు చేసిన అందరికీ శిక్ష పడలేదు. అయినా జాబితా ఇచ్చే పని యంత్రానికీ, దానిని నిజంతో పోల్చే పని మనిషికీ అప్పగించిన ఆ విభజన ఎంతో విలువైనది.

ఆ రెండవ సగం లోపించినప్పుడు ఏమవుతుందో ఇటీవలి అనుభవం చూపింది. 2021లో పని ప్రదేశాల హాజరును సెల్‌ఫోనులో నమోదు చేసే విధానం వచ్చింది. 2023 జనవరి నుంచి దానిని తప్పనిసరి చేశారు. రోజుకు రెండుసార్లు ఫొటోలు తీసి పంపాలి. సిగ్నలు అందని చోట చేసిన పనికి హాజరు పడలేదన్న ఫిర్యాదులు అనేక రాష్ట్రాల నుంచి వచ్చాయి. మరోవైపు పనితో సంబంధం లేని ఫొటోలు, ఫొటోలకు తీసిన ఫొటోలు కూడా ఎక్కుతున్నాయని 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలను హెచ్చరించింది. పాత మస్టరులోని దొంగ వేలిముద్ర కొత్త మస్టరులో దొంగ ఫొటోగా మారింది. 2023లో చేసిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) నిబంధనను సవరించి, వ్యక్తిగత సమాచారానికి ఇచ్చిన మినహాయింపును విస్తరించింది. ప్రజాహితం కోసం వెల్లడించే అవకాశం చట్టంలో మరోచోట మిగిలే ఉన్నా, దానిని నిర్ణయించేది మళ్లీ అధికారే. పేరు, కూలి, హాజరు అన్నీ వ్యక్తిగతమే గనుక, రేపు మస్టరు చదివే వారికి ఈ నిబంధన అడ్డు చెప్పదా అన్న శంక సహేతుకమైనది.

ఇది కూలీల సమస్య మాత్రమేనని అనుకోవడం పొరపాటు. నేడు కార్యాలయాలలో మేము కూడా వేలిముద్రతోనే హాజరు వేస్తున్నాము. ఏ ఫైలు ఎవరి వద్ద ఎన్ని రోజులు ఆగినదో యంత్రం చెబుతుంది. ఒకనాడు ఇతరుల హాజరు రాసిన వర్గం ఇప్పుడు తానే పట్టికలోకి ఎక్కింది. తన గురించిన లెక్కను తాను చూడగలగాలని, తప్పు ఉంటే చెప్పుకునే చోటు ఉండాలని ప్రతి ఉద్యోగీ కోరుకుంటాడు. కోట్ కిరానా కూలీలు కోరినది కూడా అదే.

కాగితమైనా, జిరాక్సు అయినా, తెర మీది అక్షరమైనా సమాచారాన్ని మోసే బండి మాత్రమే. పేరు రాసిన చోట ఆ పేరు గల మనిషి నిలబడి, చదివించుకుని, అవునో కాదో చెప్పగలిగిన రోజున అది ప్రజల సమాచారమవుతుంది. ఆ అవకాశం ఇవ్వని యంత్రం ఎంత కొత్తదైనా పాత కరణం కట్టే. ఆ ముడి విప్పి చదవనివ్వవలసిన బాధ్యత మొదట పద్దు రాసేవారిది, అంటే మా వంటి వారిదే.